పాతబడిన చిన్నకారు – మరమ్మతుల లెక్క

పల్లెలలోని పెద్దలకు ఈ నడుమ నొక క్రొత్త ప్రశ్న యెదురగుచున్నది. హైదరాబాదునకు పడమట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో కంప్యూటరు ఉద్యోగము చేయు కుమారుడో, అల్లుడో క్రొత్త కారు కొనును. పదునైదు ఇరువది యేండ్లు వాడిన చిన్నకారు ఇంట మిగిలిపోవును. అమ్మబోయిన నలువదివేలో, ఏబదివేలో తప్ప రాదు. నిలుపుటకు అపార్టుమెంటులో చోటు లేదు. అప్పుడాతడు తండ్రికి ఫోను చేసి, “నాన్నా, బస్సు కోసం ఎండలో నిలబడటం ఎందుకు? బండి మీ దగ్గరే ఉంచుకోండి” అనును. దానమిచ్చిన ఆవునకు పండ్లు పట్టి చూడరాదని మనవారందురు. ఆవు విషయమున అది చెల్లును, కారు విషయమున చెల్లదు. ఆవు తిను మేత యెంతో మనకు ముందే తెలియును. పాతకారు ఏ దినమున ఎంత మేత యడుగునో తెలిసికొనక దానిని వాకిట కట్టుకొనరాదు.

నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలలో తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి గొన్నవాడను. యంత్రశాస్త్రము చదివినవాడను గాను. అయినను కొండాపూరున మా అబ్బాయి యింట నుండు చిన్నకారునకు పెట్టిన ప్రతి పైసయు నోటుపుస్తకమున వ్రాయుట కొన్నియేండ్లుగా నా పని. ఆ లెక్కయు, ఆ బండిని బాగుచేయు చోట బల్లమీద కూర్చుండి గంటలతరబడి చూచినదియు, విన్నదియు ఇప్పుడు మీకు చెప్పుచున్నాను. మా బండి ఏ కంపెనీదో చెప్పను. రేడియోలో సరకును పేరుపెట్టి మెచ్చుటయు, తెగడుటయు మర్యాద గాదు. అది 2005లో రిజిస్టరైన మూడు సిలిండర్ల పెట్రోలు బండి యనియు, దానిది ఏపీ 28 సంఖ్య యనియు తెలిసిన చాలును. తెలుగున ‘కారు’ అనగా నలుపు. కారుచీకటి, కారుమబ్బు అను మాటలయందున్నది అదియే. ఇంగ్లీషువారి కారునకు దీనికి చుట్టరికము లేదు. మా కారు తెల్లనిది.

ఇట్టి బండ్లు పడమటి హైదరాబాదున ఇన్ని యెట్లు చేరినవో కొంచెము తెలిసిననే తరువాతి మాట అర్థమగును. ఒకప్పుడు కారనగా అంబాసిడరు. అది దొరలకు, షావుకార్లకు, సర్కారు అధికారులకు. 1982లో మారుతి సంస్థ జపానుదేశపు సుజుకీ సంస్థతో ఒడంబడిక చేసికొనెను. 1983 డిసెంబరులో గుర్గావు కర్మాగారమునుండి మారుతి 800 అను చిన్నకారు వెలువడెను. దాని ఇంజను పరిమాణము 796 ఘన సెంటీమీటర్లు. ఉపాధ్యాయుడు, గుమాస్తా, చిన్న వ్యాపారి కారు కొనవచ్చునను ఊహ దానితోనే పుట్టినది. 1998లో హ్యుందాయి శాంత్రో, 2000లో ఆల్టో వచ్చినవి. ఆ 1998 నవంబరులోనే మాదాపూరున సైబర్ టవర్సు భవనమును ప్రధాని అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించెను. బండరాళ్ల గుట్టలు, ముండ్లపొదలు నుండిన ఆ ప్రదేశము హైటెక్ సిటీ యయ్యెను. దాని చుట్టును పెరిగినదానికి సైబరాబాదు అని పేరు వచ్చెను. మన జిల్లాలనుండి చదువుకొని వెళ్లిన పిల్లలు మొదటి జీతముల ఆదాతో, బ్యాంకు అప్పుతో కొన్నవి ఈ చిన్నకార్లే. 2010 ఏప్రిలులో హైదరాబాదుతో గూడ పదుమూడు నగరములలో పొగను గూర్చిన క్రొత్త నిబంధనలు అమలునకు రాగా మారుతి 800ను ఆ నగరములలో అమ్ముట మానిరి. 2014 జనవరిలో దాని ఉత్పత్తియే నిలిచెను. కావున హైదరాబాదున క్రొత్తగా కొన్న ఆ బండి యేదైనను నేటికి పదునైదేండ్లు నిండినదే.

ఉత్పత్తి నిలిచిన బండికి సామాను దొరకునా యని మీరడుగుదురు. దొరకును. ఆ బండ్లు ఇరువదియైదు లక్షలకు పైగా అమ్ముడుపోయినవి. అన్ని బండ్లు రోడ్లమీద నున్నపుడు వాని సామాను చేయువారు, అమ్మువారు మానరు. సికిందరాబాదు రాణిగంజిలో మోటారు సామానుల దుకాణములు వరుసలు తీరి యుండును. మా మేస్త్రీ ఉదయము ఫోను చేసిన మధ్యాహ్నమునకు కావలసిన భాగము వచ్చును. అంబాసిడరు ఉత్పత్తి 2014 మేనెలలో ఆగినది గాని, దానిని విప్పి బిగింపగల చేతులు కలకత్తాలో నేటికిని గలవు. దీనికి మాఱుగా, కొద్దియేండ్లే అమ్ముడై, కంపెనీయే దేశము విడిచిపోయిన బండ్లు కొన్ని గలవు. అవి చూచుటకు నాజూకుగా నుండును. తలుపుపిడి విఱిగిన నెలరోజులు త్రాడుతో కట్టుకొని తిరుగవలెను. పాతబండి నమ్మకము సగము దాని ఇంజనులో నున్నది, సగము దానివంటి బండ్లు మీ మండలములో ఎన్ని తిరుగుచున్నవో దానిలో నున్నది. మీ కుమారుడు పంపు బండికి మీ పట్టణములోని మేస్త్రీ చేయి అలవాటుపడి యున్నదా యని మొదట విచారింపుడు.

ఇక ఆ బండి ఇన్నాళ్లు ఎట్టి బ్రదుకు బ్రదికినదో చూడవలెను. “కేవలం నలభై వేల కిలోమీటర్లే తిరిగింది నాన్నా” అని పిల్లలు గర్వముగా చెప్పుదురు. ఆ లెక్క మనలను మోసగించును. కొండాపూరునుండి మా అబ్బాయి కార్యాలయము ఆఱు కిలోమీటర్లు. సాయంకాలము ఆ ఆఱు కిలోమీటర్లకు ముప్పావుగంట పట్టును, వానపడిన గంటన్నర. 2020 సెప్టెంబరులో దుర్గం చెఱువుపై తీగల వంతెన తెఱచిరి. అంతకు ముందటి యేడే మెట్రోరైలు హైటెక్ సిటీవఱకు వచ్చెను. అయినను కార్లు తగ్గలేదు. బండి చీమవలె ప్రాకును, ఆగును, మఱల ప్రాకును. చక్రములు తిరిగినది ఆఱు కిలోమీటర్లే, ఇంజను తిరిగినది ముప్పావుగంట. మీ ఊరినుండి పట్టణమునకు పోవు బండి అదే ముప్పావుగంటలో నలువది కిలోమీటర్లు పోవును. కావున సైబరాబాదు కారు మీటరులో చూపు నలువదివేలు, పల్లెకారు చూపు లక్షకు తక్కువ గాదు.

ఆ ప్రాకుడులో మొదట అఱుగునది క్లచ్చు. ఇంజను తిరుగుచునే యుండును, చక్రములు ఒకప్పుడు తిరుగవలెను, ఒకప్పుడు నిలువవలెను. రెండింటిని కలుపుటకు, విడదీయుటకు నడుమ నొక పళ్లెము గలదు. దానికి గరుకైన పూత యుండును. అరచేతులు రెండును గట్టిగా అదిమిపట్టిన జాఱవు, విడిచిన తగులవు. సగము అదిమి రుద్దినచో వేడెక్కును. క్లచ్చు పెడలును సగము త్రొక్కి బండిని ప్రాకించుట అట్టిదే. ఆ వేడికి పూత కాలి, అఱిగిపోవును. మా మేస్త్రీ హైదరాబాదువాడు. అక్కడివారు మేస్త్రీని ఉస్తాదు అందురు. అతడు నాతో ననెను: “మాస్టర్ సాబ్, బండికి వయసు పరేషాన్ కాదు. సిగ్నలే పరేషాన్.” వాని మాటను వ్యాకరణముతో సవరింప నాకు బుద్ధి పుట్టలేదు.

ప్రాకు బండికి గాలి తగులదు. కనుక ఇంజను వేడిని తీయుటకు రేడియేటరులోని నీరు, దానివెనుక తిరుగు పంకా, ఇవియే శరణ్యము. ఇచట పల్లెవారికి ప్రత్యేకముగా నొక మాట చెప్పవలెను. నీరు తగ్గినదని బోరునీరు పోయుట మన యలవాటు. అందులోని సున్నము టీకాచు గిన్నె అడుగున పొరకట్టినట్లు సన్నని గొట్టములలో పేరుకొనును. రెండు వేసవులలో రేడియేటరు మూసికొనిపోవును, ఇంజను ఉడికిపోవును. కూలెంటు అను రంగునీరు దుకాణములలో దొరకును. దానిని డబ్బామీద చెప్పిన పాళ్లలో బ్యాటరీలకు వాడు శుద్ధజలముతో కలిపి పోయవలెను. ఇంజను వేడిగానుండగా రేడియేటరు మూత ఎన్నడును తెఱవకుడు. లోపలి నీరు ఒత్తిడిలో నుండును. మూత వదలినంతనే ముఖమునకు ఎగజిమ్మును.

ఇప్పుడు నా పుస్తకములోని లెక్క వినుడు. పెట్రోలు, భీమా ఇందులో చేర్చలేదు. ఆయిలు మార్చుట, గాలి జల్లెడ మార్చుట మొదలగు ఏటేటి పనికి సగటున 2,500 రూపాయలు. 2020లో బండి నెలలతరబడి కదలక నిలిచినందున బ్యాటరీ చచ్చెను, దానికి 3,900. 2021లో క్లచ్చునకు కూలితో గూడ 4,200. 2022లో రేడియేటరు, దాని రబ్బరు గొట్టములు 4,800. అదే యేట నాలుగు టైర్లు 10,400. 2023లో ముందుచక్రముల సస్పెన్షనునకు 5,500. 2024లో టైమింగ్ బెల్టు, నీటిపంపు కలిసి 3,200. బ్రేకు మాస్టరు సిలిండరు 2,700. అయిదేండ్లకు మొత్తము 47,200 రూపాయలు. ఏటికి 9,440, అనగా నెలకు ఎనిమిదివందలకు లోపు.

దీనిని దేనితో పోల్చవలెను? క్రొత్త చిన్నకారునకు అయిదులక్షలు అప్పు చేసినారనుకొందము. నూటికి తొమ్మిది వడ్డీచొప్పున అయిదేండ్లకు నెలవాయిదా 10,379 రూపాయలగును. మా పాతబండికి ఏడాది పొడవున అయిన మరమ్మతు, ఆ యొక నెల వాయిదాకంటె తక్కువ. ‘మరమ్మతులతో ఇల్లు గుల్ల యగుచున్నది, క్రొత్తది కొందము’ అను మాట ఇంటింట వినబడును. కాగితము పెట్టి కూడి చూచిన ఆ మాట చాల యిండ్లలో నిలువదు. మరమ్మతు ఖర్చు పిడుగువలె నొక్కసారి మీద పడును గనుక పెద్దదిగా తోచును. వాయిదా ప్రతినెలయు చప్పుడు చేయక పోవును గనుక కనబడదు. మాకును 2022లో ఏటేటి పనితో కలిపి 17,700 అయినది, 2020లో 6,400తో సరిపోయినది. నెలకు వేయిరూపాయలు వేఱుగా తీసిపెట్టిన ఆ పిడుగు అంత బాధింపదు.

అయితే దీనికొక హద్దు గలదు. ఇంజను లోపల అఱిగి, దానిని పూర్తిగా విప్పి బోరు చేయింపవలసివచ్చిన ముప్పదివేలు దాటునని ఉస్తాదు చెప్పెను. బండి వెల నలువదియైదువేలైనపుడు దానిమీద ముప్పదివేలు పెట్టుట ముసలి యెద్దునకు వెండి గజ్జెలు చేయించుటయే. మఱొకటి: అడుగుభాగపు ఇనుము తుప్పుపట్టి పొరలు లేచిన బండికి ఏ మరమ్మతును నిలువదు. తివాచీ ఎత్తి, వ్రేలితో గట్టిగా నొక్కి చూడవలెను.

2023నాటి సస్పెన్షను సంగతి కొంచెము విడమరచి చెప్పెదను. గతుకులలో ముందుచక్రములవద్ద ‘టక్, టక్’ మని చప్పుడు వచ్చెడిది. మా అబ్బాయి మొదట నొక పెద్ద వర్క్‌షాపునకు తీసికొనిపోయెను. వారు చూచి 18,000 రూపాయల అంచనా చీటీ వ్రాసి యిచ్చిరి. మా సందులోని ఉస్తాదు 5,500తో చప్పుడు మాన్పెను. వినువారు వెంటనే మొదటివారిని దొంగలందురు. నేనట్లనను. పెద్దచోట ఆర్మును, దానికి తగిలించిన రబ్బరు బుష్షులను, కీలును అన్నిటిని కలిపి మొత్తముగా మార్చుదురు. ఆ పనికి పూచీ వ్రాసి యిత్తురు. మా ఉస్తాదు అఱిగిన రబ్బరు బుష్షులను మాత్రము ఒత్తి తీసి, క్రొత్తవి దించెను. పాత ఆర్ము ఆర్ముగనే యున్నది. క్రొత్తబండికి మొదటి పద్ధతి తగును. ఆఱేడేండ్లకు మించి నిలుపుకొనదలపని బండికి రెండవది చాలును. ఏ పద్ధతియైనను రెండు అడుగుడు: మార్చిన పాతభాగమును మీ చేతికి ఇమ్మనుడు, సామానునకు కూలికి వేఱువేఱుగా లెక్క వ్రాయుమనుడు. పాతభాగమును చూపుటకు వెనుదీయువానియొద్ద రెండవసారి బండి నిలుపకుడు. బ్రేకులకు, స్టీరింగునకు సంబంధించిన సామాను వెల తక్కువదని నకిలీ సరకు వేయించుట కూడదు. అద్దము, తలుపుపిడి వంటివి ఏవైనను ఫరవాలేదు.

పర్వతముమీద పొగను చూచి నిప్పును ఊహించుట తర్కమున బాలురకు చెప్పు మొదటి పాఠము. కారు విషయమున ఇంకొక మెట్టు పోవచ్చును: పొగరంగును బట్టి నిప్పులో నేమి పడుచున్నదో ఊహింపవచ్చును. వెనుక గొట్టమునుండి నీలిపొగ వచ్చుచున్నచో ఇంజను ఆయిలు కాలుచున్నది. లోపల అఱుగుడు గలదు. నల్లపొగ వచ్చిన, పెట్రోలు ఎక్కువయో, గాలి తక్కువయో. జల్లెడ మార్చినంతనే కొన్నిసార్లు పోవును. చలికాలపు ఉదయమున తెల్లని ఆవిరి రెండు నిముషములు వచ్చి ఆగిన భయము లేదు. ఇంజను వేడెక్కిన పిమ్మటను తెల్లపొగ విడువక, రేడియేటరులో నీరు దినదినము తగ్గుచున్నచో, హెడ్డు గాస్కెటు చెడి నీరు సిలిండరులోనికి దిగుచున్నది. అట్టి బండిని నడుపరాదు. బండిని మొదటిసారి చూచునపుడు రాత్రియంతయు చల్లారిన ఇంజనును మీ యెదుట ప్రారంభింపుమనుడు. ముందే వేడిచేసి తెచ్చిన బండి తన రోగమును దాచుకొనును.

ఇంతవఱకు నగరమున తిరుగు బండి మాట. ఊరికి వచ్చి నిలిచిపోవు బండి గతి వేఱు. మా వియ్యంకులకు వారి కుమారుడు గచ్చిబౌలినుండి మంచి స్థితిలోనున్న కారునే పంపెను. వారికి నడుపుట రాదు. నెలకొకసారి డ్రైవరును పిలిచి పెండ్లికో, ఆసుపత్రికో పోవుదురు. మిగిలిన దినములు బండి వేపచెట్టు క్రింద. ఎనిమిది నెలలలో ఎలుకలు వైర్లను కొఱికివేసినవి, బ్యాటరీ చచ్చినది, వెనుక బ్రేకులు పట్టుకొనిపోయినవి. మూడింటికి కలిపి పదివేలకు పైగా అయినదని ఆయన వాపోయిరి. నడుచు యంత్రముకంటె నిలిచిన యంత్రము వేగముగా చెడును. ఏలయన ఆయిలు క్రిందికి జాఱిపోవును, ఇనుమునకు తేమ పట్టును, రబ్బరు ఎండి బీటలు వారును. వారమునకొకసారి బండిని ఇరువది నిముషములు రోడ్డుమీద నడుపవలెను. ఉన్నచోటనే ఇంజను నడిపి ఆపిన చాలదు. చక్రములు, బ్రేకులు, క్లచ్చు అన్నియు కదలవలెను. వడ్ల బస్తాల ప్రక్కన నిలుపకుడు. ఎలుకకు వడ్లు భోజనము, వైరు తాంబూలము.

పెట్రోలు సంగతియు మాఱినది. చెఱకు, మొక్కజొన్న, బియ్యపు నూకలనుండి తీసిన ఇథనాలును పెట్రోలులో కలుపుచున్నారు. 2025నాటికి ఆ పాలు నూటికి ఇరువదియైనది. రైతునకు ఇందు లాభము గలదు, దేశమునకు విదేశపు చమురు ఖర్చు తగ్గును. పాతకార్లను మాత్రము ఆ మిశ్రమమునకై నిర్మింపలేదు. 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదికయే, పాతరకపు కార్లలో మైలేజి నూటికి ఆఱేడు పాళ్లు తగ్గునని చెప్పినది. ఇథనాలునకు తేమను పీల్చు గుణము గలదు. పాత రబ్బరు గొట్టములను, గాస్కెట్లను అది త్వరగా మెత్తబఱచును. భయపడి బండి అమ్మనక్కరలేదు. పెట్రోలు గొట్టములను ఒకసారి క్రొత్తవి వేయించుట, నెలలతరబడి టాంకిలో పెట్రోలు నిలువయుంపకుండుట చాలును. ఏ క్షణమున పెట్రోలువాసన వచ్చినను బండిని ఆపి, దిగవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. నా లెక్కలోని పెద్ద పద్దులను మఱల తలచుకొనుడు. వానిలో అన్నిటికంటె చిన్నది ఏది? బ్రేకు మాస్టరు సిలిండరు, 2,700 రూపాయలు. 2024 వానకాలమున నొక సాయంకాలము మా అబ్బాయి నా మనుమరాలిని బడినుండి తీసికొనివచ్చుచుండెను. గచ్చిబౌలి సమీపమున వాలులో బ్రేకు త్రొక్కగా పెడలు మెత్తగా అడుగువఱకు దిగిపోయెను. గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగి, ముందున్న బస్సునకు మూడడుగుల దూరమున ఆపగలిగెను. లోపల పావలా అంతటి రబ్బరు వాషరు చెడినదట. బండిలో అన్నిటికంటె ఎక్కువ ఖర్చుపెట్టించిన టైర్లుగాని, విసిగించిన రేడియేటరుగాని ఎవరి ప్రాణముమీదికిని తేలేదు. ప్రాణముమీదికి తెచ్చినది లెక్కలో చిట్టచివరిది. మనము ఖర్చునుబట్టి మరమ్మతును పెద్దదనియు చిన్నదనియు అనుచుందుము, బండి అట్లనుకొనదు. చప్పుడు చేయు జబ్బు మనలను మేస్త్రీ యొద్దకు పంపును. బ్రేకులు చప్పుడు చేయక చెడును.

అందువలన, పాతబండి వాకిటికి రాగానే మొదటి పని బ్రేకులు విప్పించి చూపించుట, బ్రేకు ఆయిలు పూర్తిగా మార్చుట. ఆ ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును, రెండేండ్లకొకసారి మార్చవలసినదే. రెండవది టైర్లు. గాట్లు లోతుగా నున్నవని మురియకుడు. నిలిచిన బండి టైరు అఱుగదు గాని ముసలిదగును. ఎద్దునకు పండ్లు చూచినట్లు టైరునకు ప్రక్కభాగమున అండాకారపు గీతలో నచ్చువేసిన నాలుగంకెలు చూడవలెను. 2218 అని యున్నచో 2018వ సంవత్సరమున ఇరువదిరెండవ వారములో చేసినదని యర్థము. ఆఱేండ్లు దాటిన టైరుతో పెద్దరోడ్డు ఎక్కరాదని నా మతము.

ఎన్ని చేయించినను పాత చిన్నకారునకు రానివి కొన్ని గలవు. తడిరోడ్డుమీద బ్రేకు వేసినపుడు చక్రములు బిగిసి జాఱకుండ కాపాడు ఏబీఎస్ అను ఏర్పాటు మన దేశమున కార్లన్నిటికి తప్పనిసరియైనది 2019 ఏప్రిలు నుండి. డ్రైవరు ముందు గాలిసంచి తప్పనిసరియైనది ఆ యేటి జూలైనుండి. 2005నాటి మా బండిలో ఇవి రెండును లేవు. డబ్బుపోసి పెట్టించునవియు గావు. మా స్వగ్రామము సూర్యాపేట ప్రాంతము. హైదరాబాదునుండి విజయవాడ పోవు జాతీయ రహదారిమీద నూటముప్పది కిలోమీటర్లు లారీల నడుమ పోవలెను. ఆ బ్రేకు సంగతి జరిగిన తరువాత మా యింట కూర్చుండి మాటాడుకొంటిమి. అమ్ముదమని కోడలు, నిలుపుకొందమని కుమారుడు. నా అభిప్రాయమడుగగా, బండిని నిలుపుకొనవచ్చును గాని రహదారి ఎక్కింపరాదంటిని. ఇప్పుడది కూరగాయలకు, బడికి, ఆసుపత్రికి తిరుగుచున్నది. ఊరికి మేము బస్సులో పోవుచున్నాము. మీకును నేను చెప్పునది ఇంతే: ఊరినుండి మండలకేంద్రమునకు, మెల్లగా, పగటిపూట, ముందు కూర్చున్నవారు బెల్టు పెట్టుకొని పోవుటకు పాత చిన్నకారు చక్కగా నుపయోగించును. మనుమలను వెనుక నెక్కించుకొని రాత్రివేళ తిరుపతి పోవుటకు పనికిరాదు.

ఇక కాగితములు. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. పిమ్మట రవాణాశాఖవారు బండిని పరీక్షించి అయిదేండ్లకొకసారి పొడిగింతురు. దాని రుసుము ఒకప్పుడు ఆఱువందలు; 2022 ఏప్రిలు 1నుండి అయిదువేలు; 2025 ఆగస్టులో ఇరువదియేండ్లు దాటిన కార్లకు పదివేలుగా నిర్ణయించిరి. హరితపన్ను వేఱు. పొడిగింపు మిగిలియున్న బండినే పుచ్చుకొనుడు. లేనిచో దాని వెలలో నాలుగవవంతు మొదటిదినముననే కార్యాలయమున కట్టవలసివచ్చును. పేరు మార్పించుట మఱవకుడు. “మా అబ్బాయి బండే కదా” యని ఊరుకొనువారు పలువురు. ఇతరులకు కలుగు నష్టమునకై చేయు భీమా తప్పనిసరి. వేయి ఘన సెంటీమీటర్లకు లోబడిన కారునకు 2022 జూన్ 1నుండి దాని చందా ఏటికి 2,094గా ఏర్పఱచిరి, పన్ను దీనికి అదనము. పేరు మాఱిన పదునాలుగు దినములలో భీమాకంపెనీకి తెలుపవలెను. తెలంగాణమునుండి ఆంధ్రప్రదేశమునకు బండి పోవునెడల అభ్యంతరము లేదను పత్రమును హైదరాబాదుననే తీసికొనవలెను. ఊరికి వచ్చిన తరువాత దానికై మఱల ప్రయాణము చేయుట ఖర్చు, శ్రమ. ఏపీ అను పాత అక్షరములున్నవని దిగులుపడకుడు. 2014 తరువాత టీఎస్, 2024 మార్చినుండి టీజీ అను అక్షరములు క్రొత్తబండ్లకు వచ్చినవి. పాత పలకలు చెల్లుచునే యున్నవి.

బండితో బాటు మరమ్మతు చీటీలన్నియు పంపుమని అడుగుడు. క్లచ్చు ఏ యేట వేసిరో, టైమింగ్ బెల్టు ఏ యేట మార్చిరో చీటీలే చెప్పును. అది రబ్బరు పట్టీ. తెగిన బండి నడిరోడ్డున నిలుచును, కొన్ని ఇంజనులలో లోపలి కవాటములు వంగి ఖర్చు పదింతలగును. చీటీ లేనిచో దానిని క్రొత్తది వేయించుటే లాభము. రెండవ తాళపుచెవిని కూడ తప్పక అడుగుడు. మా వియ్యంకులకు వచ్చినది ఒక్కటియే. రెండవది ఇప్పటికిని గచ్చిబౌలిలో ఏ బీరువా సొరుగులోనో యున్నది.